ఒంటిగంటకి వెనక్కి

మా ఊళ్ళో ఎత్తంటే నీళ్ళ ట్యాంకు. దాని తర్వాత గుడి గోపురం, ఆ తర్వాత కొబ్బరిచెట్లు. కైకలూరు సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందని ఎవరైనా అడిగితే మీటర్లు వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పెయ్యొచ్చు. అలాంటి ఊళ్ళో పుట్టి, చేపల లారీల రొద వింటూ పెరిగిన పిల్ల సంక్రాంతికి ఇంటికొచ్చి, "అమ్మా, ఫిబ్రవరిలో మేం అయిదుగురం మనాలీ దగ్గర కొండెక్కుతున్నాం. స్కీల మీద. 5,289 మీటర్లు" అంటే కన్నతల్లి ఏం చెయ్యాలో మీరే చెప్పండి.

నేను మటుకు పొయ్యి మీది పాకం సంగతి మర్చిపోయాను. ఈ పండక్కి మా ఇంటి అరిసెలు కొరికినవాళ్ళకి ఆ విషయం వేరే చెప్పక్కర్లేదు.

స్కీలంటే నాకు తెలిసిందల్లా సినిమాల్లో చూసిందే. కాశ్మీరులో హీరో హీరోయిన్లు రంగురంగుల స్వెట్టర్లు వేసుకుని పాటకి తగ్గట్టు జారతారే, అదీ. "జారడానికైతే సరేనే, ఎక్కడానికి అవెందుకు?" అన్నాను. అది లోపలికెళ్ళి పండక్కి కుట్టించుకున్న నా వెల్వెట్ జాకెట్టు పట్టుకొచ్చి, "ఇటు రాసి చూడు" అంది. చెయ్యి నున్నగా జారిపోయింది. "ఇప్పుడు అటు." నూగు లేచి చేతిని పట్టుకుంది. స్కీల అడుగున ఇలాంటి నూగు పట్టీ ఒకటి అంటిస్తారట. ముందుకి తోస్తే జారుతుంది, వెనక్కి జారబోతే మంచుని పట్టుకుని ఆపుతుంది. పూర్వం సీల్ అనే సముద్ర జంతువు తోలు కట్టేవారు, ఇప్పుడు మేక బొచ్చుతోనో నైలానుతోనో చేస్తున్నారు. పైకి చేరాక పట్టీలు ఊడదీసి సంచీలో పెట్టుకుని జారుకుంటూ వచ్చెయ్యడమే. మామూలుగా నడిస్తే తొడల్లోతు దిగబడే మంచులో స్కీల మీదైతే తేలుతూ పోవచ్చుట. మా కొల్లేట్లో తాటిదోనె బురద మీద తేలినట్టన్నమాట అనుకుంటే సగం అర్థమైంది.

మా అత్తగారు అంతా విని ఒకటే అడిగారు. "పైకెక్కి ఏం చేస్తారే?"

"దిగుతాం నాయనమ్మా."

"ఆ మాత్రానికి ఇక్కడుంటే సరిపోదూ?"

ఈ ప్రశ్నకి కొండలెక్కే ఏ మనిషీ ఇంతవరకు తిన్నగా జవాబు చెప్పలేదని నా అనుమానం. మా అమ్మాయీ చెప్పలేదు. నవ్వేసి ఊరుకుంది.

ఇంతకీ అది నన్ను అనుమతి అడగడానికి రాలేదు. వాళ్ళ జట్టులో ఒక నియమం ఉందట. ఎక్కే ప్రతివాళ్ళూ తమ ప్లాను నకలొకటి ఇంట్లో ఒక మనిషి దగ్గర ఉంచి వెళ్ళాలి. ఏ రోజు ఎక్కడ పడుకుంటారు, ఎప్పటికి కిందికి దిగుతారు, ఎన్ని గంటలు దాటినా ఫోను రాకపోతే ఎవరికి చెప్పాలి, అన్నీ అందులో ఉంటాయి. ఆ మనిషిని నేను. పదకొండు కాగితాలు గుచ్చిన కట్ట ఒకటి చేతిలో పెట్టి, "తీరిగ్గా చదువు, అర్థంకాని చోట అడుగు" అంది. బి.ఏ.లో ఎకనామిక్స్ పేపరు రాసిన తర్వాత అంత భయంగా ఏ కాగితాలూ చదవలేదు.

మొదట నాకు తట్టిందేమిటంటే, ఆ పదకొండు కాగితాల్లో ఎక్కడా 'జాగ్రత్త' అన్న మాట లేదు. నేను దానికి ఇరవై మూడేళ్ళుగా రోజూ జాగ్రత్త చెప్తున్నాను. బడికెళ్తుంటే జాగ్రత్త, హాస్టలుకెళ్తుంటే జాగ్రత్త, బస్సు ఎక్కుతుంటే జాగ్రత్త, దిగుతుంటే జాగ్రత్త. ఏం చెయ్యాలో చెప్పానా అంటే ఎప్పుడూ చెప్పలేదు. నా భయాన్ని ఒక చిన్న మూటకట్టి దాని భుజాన వేసి, నేను తేలికపడ్డానంతే. వీళ్ళ కాగితాల్లో భయాన్ని ముక్కలు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ ఒక పని రాశారు. ఇంత వాలు దాటితే ఇటు తిరగాలి, గాలి ఇంత ఉంటే డేరా వదలకూడదు, ఒకరి కాలు బెణికితే ఎవరు మోస్తారు, స్కీ విరిగితే ఏ తీగతో కట్టాలి.

మ్యాపు తీసి చూపించింది. దానినిండా బొటనవేలి ముద్రలాంటి గీతలు. "వీటిని కాంటూరు గీతలంటారమ్మా" అని పాఠం మొదలుపెట్టబోయింది. నవ్వొచ్చింది నాకు. కాంటూరంటే ఏమిటో కొల్లేటి ఆడదానికి చెప్పాలా? 1999లో అభయారణ్యం అని ప్రకటించి ఐదో కాంటూరుదాకా గీత గీశారు. 2006లో ఆ గీత లోపలున్న చేపల చెరువుల గట్లు కొట్టించారు. ఆనాటినుంచీ మా వైపు బడి మొహం చూడని ముసలమ్మల నోట కూడా ఆ మాట నలుగుతూనే ఉంది. మా దగ్గర ఒక కాంటూరుకీ ఇంకో కాంటూరుకీ మధ్య పొలాలుంటాయి, చెరువులుంటాయి, ఊళ్ళుంటాయి. దాని మ్యాపులో గోరు దూరే సందు లేదు. గీతలెంత దగ్గరపడితే నేల అంత నిలువుగా లేచిందని లెక్క. 30 డిగ్రీలకీ 45 డిగ్రీలకీ మధ్య వాలున్న చోటల్లా ఎర్రరంగు పూశారు. పాతకాలపు పెంకుటింటి కప్పుంటుందే, ఇంచుమించు ఆ వాలు దగ్గర మొదలవుతుందట ప్రమాదం. అంతకంటే తక్కువైతే మంచు జారదు, మరీ నిలువైతే నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది. మధ్యరకమే ముంచేది.

మంచంటే ఒకటే ముద్దనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదట, పొరలు. పూతరేకులు చుట్టేటప్పుడు రేకుకీ రేకుకీ మధ్య పంచదార పొడి జల్లుతామే, అచ్చం అలాగే. చలికాలం మొదట్లో పల్చగా పడిన మంచు, పైన గడ్డకట్టించే చలికీ కింద నేల వెచ్చదనానికీ మధ్య కొన్నాళ్ళుండి, పంచదార పలుకుల్లా మారిపోతుంది. ఆ పలుకులు ఒకదాన్నొకటి పట్టుకోవు. వాటిమీద తర్వాత పెద్దమంచు కురిసి పలకలా గట్టిపడుతుంది. పైనుంచి చూస్తే ఉతికిన దుప్పటి పరిచినట్టు ఎంతో అందంగా ఉంటుంది. మనిషి కాలు పడగానే అడుగున పంచదార కూలుతుంది, పలకకి పలకంతా జారుతుంది. ఒక్కోసారి ముందుగా లోపలినుంచి 'ఊమ్' మని మూలుగులాంటి చప్పుడు వస్తుందట. అది వినపడితే చర్చలు లేవు, వచ్చిన దారినే వెనక్కి.

మంచుచరియ కింద కూరుకుపోయినవాళ్ళని మొదటి పదిహేను నిమిషాల్లో తవ్వి తీస్తే చాలామంది బతుకుతారు. అరగంట దాటితే ఆశ బాగా సన్నగిల్లుతుంది. అంటే హెలికాప్టరూ సైన్యమూ వచ్చి ఆదుకుంటాయన్నది ఉత్తమాట. బతికించేది పక్కనున్న నలుగురే. అందుకని ప్రతివాళ్ళ ఒంటిమీదా సంకేతాలు పంపే చిన్న యంత్రం ఒకటి, సంచీలో మడతపెట్టే పొడుగాటి చువ్వ, పార ఉంటాయి. వాలు దాటవలసి వస్తే ఒక్కొక్కళ్ళే దాటాలి. మిగతావాళ్ళు కన్నార్పకుండా వాళ్ళనే చూస్తుండాలి. ఈ నియమం ఉమ్మడి కుటుంబాల్లో కూడా పెట్టుకుంటే బాగుండుననిపించింది గాని, మా ఇంట్లో కష్టమొస్తే అందరం ఒకేసారి దూకుతాం.

వాతావరణం సంగతీ రాశారు. మనకి బంగాళాఖాతంలో వాయుగుండాలెలాగో, ఆ కొండలకి చలికాలంలో మధ్యధరా సముద్రం వైపునుంచి వచ్చే మబ్బులు అలాగట. రెండురోజులు ఏకధాటిగా మంచు కురిపించి పోతాయి. కురిసిన వెంటనే ఒకటి రెండు రోజులు మరీ ప్రమాదం, అప్పుడు కదలకూడదు. రక్షణశాఖ వారి సంస్థ ఒకటి మంచుచరియల హెచ్చరికలు ఇస్తుంది, ఒకటినుంచి అయిదుదాకా అంకెల్లో. మచిలీపట్నం రేవులో ఎగరేసే ప్రమాద సూచికల నంబర్లు వింటూ పెరిగినదాన్ని, అది మాత్రం చప్పున అర్థమైంది.

ఇవన్నీ తెలిసినవాళ్ళకి ఏమీ కాదని కాదు. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లో ద్రౌపదీ కా దండా-2 శిఖరం దగ్గర శిక్షణలో ఉన్న జట్టు మీదికి మంచుచరియ విరుచుకుపడింది. 27 మంది శవాలు దొరికాయి, ఇద్దరు దొరకనేలేదు. పోయినవాళ్ళలో సవితా కన్స్వాల్ అనే శిక్షకురాలుంది. అంతకు అయిదు నెలల ముందే, పదహారు రోజుల వ్యవధిలో ఎవరెస్టూ మకాలూ రెండూ ఎక్కిన పిల్ల. ఇది నాకు మా అమ్మాయే చెప్పింది. దాచలేదు. దాచి ఉంటే బాగుండుననిపించింది ఒక్క క్షణం.

ఆరో కాగితంలో కాలం లెక్క ఉంది. సోలంగ్, ధుండీ, బకర్‌థాచ్, లేడీ లెగ్ అని మజిలీల పేర్లు. చివరి రోజు తెల్లవారుజామున మూడింటికి డేరా వదలాలి. 'మధ్యాహ్నం ఒంటిగంటకి ఎక్కడున్నా వెనక్కి.' ఎక్కడున్నా అన్న మాట కింద రెండు గీతలు. "శిఖరం ఎదురుగా కనిపిస్తున్నా?" అన్నాను. "కనిపిస్తున్నానే అమ్మా. కనిపించకపోతే తిరగడం ఎవరికైనా తేలికే" అంది.

ఏడో కాగితం దగ్గర నేను ఆగిపోయాను. పైన శీర్షిక, 'మనల్ని వెనక్కి తిరగనివ్వనివి'. దాని పూర్వాపరాలు తర్వాత చెప్పింది. అమెరికాలో ఇయాన్ మెకామన్ అనే ఆయన 700 పైచిలుకు మంచుచరియ ప్రమాదాలు పరిశీలించాడట. పోయినవాళ్ళలో చాలామంది ఏమీ తెలియనివాళ్ళు కారు. చదువుకున్నవాళ్ళే, ఎదురుగా సూచనలు కనిపిస్తున్నా వెళ్ళినవాళ్ళే. అలవాటైన దారి కదా అనో, ఇంతదూరం వచ్చాం కదా అనో, పక్కవాళ్ళు ఏమనుకుంటారో అనో. అందుకని వీళ్ళు మంచు గురించి ఎంత రాశారో తమ గురించీ అంత రాసుకున్నారు. అయిదుగురూ తమని ఏది ఆపుతుందో ఎవరికి వారు తమ చేత్తో రాయాలి. ఒకరు 'పెట్టిన డబ్బు' అని రాశారు. ఒకరు 'మళ్ళీ సెలవు దొరకదు'. ఒకరు 'ఫోటో'. ఇంకొకరు నిజాయితీగా 'అతను ముందుకెళ్తే నేను ఆగలేను' అని రాసి అతనెవరో పేరు కూడా రాశారు.

మా అమ్మాయి దస్తూరీ నాకు తెలుసు. గుండ్రటి అక్షరాలు. ఒకటే మాట రాసింది. 'అమ్మ.'

అది నాకీ కట్ట ఇచ్చినప్పుడు ఆ కాగితం తీసెయ్యడం మర్చిపోయిందా, కావాలనే ఉంచిందా అని నేనడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

అడగకపోవడానికి కారణముంది. రెండేళ్ళ క్రితం ఆగస్టులో అది లడఖ్‌లో ఆరువేల మీటర్ల కొండ ఒకటి ఎక్కడానికి వెళ్ళింది. వెళ్ళేముందు నేను వీధివీధంతా చెప్పాను. రచయిత్రిని కదా, కాస్త రంగు కూడా వేశాను. మా వారి స్నేహితులు ఉత్సాహపడి 'హిమాలయ విజేతకు స్వాగతం' అని ఫ్లెక్సీ కూడా కొట్టించి సిద్ధంగా పెట్టారు. పైన మబ్బు కమ్మి, వాళ్ళ నాయకుడు తిరగమంటే తిరిగొచ్చేశారు. ఇంటికొచ్చిన పిల్ల మొహం ఎండకి కమిలి, పెదాలు పగిలి ఉన్నాయి. కాళ్ళు కడుక్కుని కూర్చుందో లేదో, "అంత దూరం వెళ్ళి, అంత డబ్బుపోసి, పైదాకా వెళ్ళకుండానే వచ్చావా? ఇంకో గంట ఓపిక పడితే పోయేది కదే" అన్నాను. చేతిలో టీ గ్లాసు పట్టుకుని నా వంక చూసింది. ఏమీ అనలేదు. నేనూ మర్చిపోయాను. మాట అన్నవాళ్ళం మర్చిపోతాం, అదేగా సుఖం.

ఏడో కాగితం చూసిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఏనాడో మర్చిపోయిన పడవ ఒకటి గుర్తొచ్చింది.

నాకప్పుడు పదేళ్ళు. మా పుట్టిల్లు కొల్లేటి లంకల్లో ఒక ఊరు. శ్రావణమాసంలో మా మేనత్త పెళ్ళి. బుడమేరూ తమ్మిలేరూ పొంగి కొల్లేరు నిండుకుండలా ఉంది. పెళ్ళికూతుర్ని తీసుకుని పడవలో అవతలి లంకకి బయలుదేరాం. గెడవేసే ముసలాయన్ని ఊరంతా తాతా అనే పిలిచేవాళ్ళం. సగం దారి దాటాక ఆయన గెడ ఆపి పడమటి వైపు చూశాడు. నీళ్ళమీది కొంగలు లేచి గట్టుకేసి పోతున్నాయి. ఇంకేమీ లేదు, మాకేమీ కనపడలేదు. "తిప్పేస్తున్నానమ్మా" అన్నాడు. పడవలో ఆడవాళ్ళందరూ గొల్లుమన్నారు. ముహూర్తం తప్పిపోతుంది తాతా అని బతిమాలారు, తర్వాత తిట్టారు. "ముహూర్తం పంతులుగారు మళ్ళీ పెడతారు" అని ఒక్కమాట అని పడవ తిప్పేశాడు.

మేం గట్టెక్కిన గంటకి ఏమైందో తెలుసా? కాసిని చినుకులు పడి, మబ్బు విడిపోయి, చక్కటి ఎండ కాసింది.

తెల్లవారుజాము ముహూర్తానికి పెళ్ళి జరిగిందనుకోండి. కాని తాతకి ఇక ఆ ఊళ్ళో తలెత్తుకునే యోగం లేకపోయింది. 'ఆయన పడవకి వెనక్కి వెళ్ళడమే వచ్చు' అని మా నాన్న వేసిన జోకు లంకల్లో చాలా ఏళ్ళు తిరిగింది. మొలలోతు నీళ్ళలో ఎవరు మునుగుతారయ్యా అని పిల్లకాయలు కూడా ఆయన్ని వేళాకోళం చేసేవారు. పెళ్ళిళ్ళకి కుర్రాడెవణ్ణో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మా అత్తకి కూడా తప్పలేదు. 'మీవాళ్ళు నీళ్ళు చూసి పారిపోయినవాళ్ళేగా' అని ఆవిడ అత్తగారు ఎన్నేళ్ళు దెప్పిందో.

తాత చేసింది ఒప్పా తప్పా? ముప్ఫై అయిదేళ్ళ తర్వాత అర్ధరాత్రి మంచం మీద కూర్చుని ఆలోచిస్తే, అది తేలే విషయం కాదనిపించింది. మునిగిన పడవకి సాక్ష్యం ఉంటుంది. తిరిగొచ్చిన పడవకి ఏముంటుంది? వెళ్ళి ఉంటే ఏమయ్యేదో ఎవరు చూడొచ్చారు? బతికున్న పద్నాలుగుమంది ఆడవాళ్ళం గట్టుమీద నిలబడి, బతికున్నాం గనకనే ఆయన్ని తిట్టగలిగాం.

మా అమ్మాయికి ఈ కథ చెప్తే, "అచ్చం ఇలాంటిదే చెప్తాను విను" అని ఎవరెస్టు మీద 1996లో జరిగింది చెప్పింది. గోరన్ క్రాప్ అనే స్వీడన్ దేశస్థుడు తన ఊరినుంచి సైకిలు మీద సామానంతా వేసుకుని నేపాల్ వచ్చాడు. మే 3న శిఖరం ఇంకో వంద మీటర్లుందనగా, పొద్దుపోయింది, ఇక దిగలేనని వెనక్కి తిరిగాడు. వారం తర్వాత మే 10న న్యూజీలాండ్ వాడు రాబ్ హాల్ తన జట్టుని తీసుకెళ్ళాడు. ఎంతో అనుభవమున్న మనిషి, మధ్యాహ్నం రెండయ్యేసరికి తిరిగెయ్యాలని తనే నియమం పెట్టినవాడు. ఆ జట్టులో డగ్ హాన్సెన్ అని తపాలాశాఖ ఉద్యోగి ఒకడున్నాడు. ముందటేడు శిఖరం దగ్గర్నుంచి అతన్ని వెనక్కి తిప్పింది హాలే. ఈసారి ఎలాగైనా ఎక్కాలని రాత్రిళ్ళు పనిచేసి డబ్బు కూడబెట్టుకున్నాడు. వాళ్ళ ఊరి బడిపిల్లలు చొక్కాలు అమ్మి కొంత సాయం చేశారు. అతను శిఖరం చేరేసరికి నాలుగు దాటింది. హాల్ అతనికోసం ఆగాడు. ఇద్దరూ తిరిగి రాలేదు. ఆ తుపానులో మొత్తం ఎనిమిదిమంది పోయారు.

రాబ్ హాల్‌కి లెక్క తెలియదనడానికి మనకి నోరెలా వస్తుంది? ఆ మనిషిని రెండోసారి కూడా ఉత్తచేతులతో పంపలేకపోయి ఉంటాడని నా ఊహ. నన్ను పట్టుకున్నది ఆ చొక్కాల సంగతి. పాపం ఆ పిల్లలు ప్రేమతో చేసిన పనే. మేం కొట్టించిన ఫ్లెక్సీ కూడా ప్రేమతోనే. మరి పైన, గాలి లేని చోట, గడియారం చూసుకునే మనిషికి అవెంత బరువుంటాయో కింద ఉన్న మనకేం తెలుస్తుంది? అన్నట్టు, క్రాప్ మాత్రం ఇరవై రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళి ఎక్కాడు. అయితే 2002లో ఇంకెక్కడో బండమీంచి పడి పోయాడు. ఒకసారి తిరిగొచ్చినంత మాత్రాన కొండ రాసిచ్చే హామీపత్రం ఏమీ ఉండదు.

మన తెలుగువాళ్ళకి ఈ బాధ కొత్తది కాదు. నెల్లూరు జిల్లా గాంధీజనసంగం నుంచి వెళ్ళిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలు 172 రోజుల్లో ఎక్కాడు. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి., కలకత్తా ఐ.ఐ.ఎం. చదివినవాడు; ప్లాను వెయ్యడం రాని మనిషి కాడు. 2015 మార్చి 24న ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా బయలుదేరి, ఏప్రిల్ మొదటివారంలో శవమై దొరికాడు. ఆ నెలలోనే సొంత ఊరికి తెచ్చారు. టీవీలో ఆ దృశ్యం చూస్తూ కళ్ళు తుడుచుకున్నది నాకు బాగా గుర్తు. 2014 మే 25న పదమూడేళ్ళ పదకొండు నెలల మాలావత్ పూర్ణ ఎవరెస్టెక్కితే ఎగిరి గంతేసింది కూడా ఇదే నేను. ఒకరు దిగొచ్చారు, ఒకరు రాలేదు. చప్పట్లు కొట్టినప్పుడూ ఏడ్చినప్పుడూ నాకు తెలియంది ఒకటే, వాళ్ళు దారిలో ఎన్నిసార్లు వెనక్కి తిరిగారో. అది ఎవరూ రాయరు, మనమూ అడగం.

అసలు వెళ్ళడమే తప్పు కదా అని మీలో కొందరు అంటారు. మా అత్తగారి మాట అదే. కొల్లేట్లోకి తాత వెళ్ళింది కూటికోసం. ఇది వెళ్ళేది సరదాకి. కూటికోసం ప్రాణం ఒడ్డేవాడిమీద గౌరవముంటుంది, సరదాకి ఒడ్డితే కోపమొస్తుంది. ఈ కోపంలో న్యాయం కొంత ఉందని నాకూ అనిపిస్తుంది. ఇతరుల సరదా కోసం కూటికని బరువులు మోసేవాళ్ళ సంగతి తలుచుకుంటే మరీను. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు మీద మంచు విరిగిపడి 16 మంది నేపాలీ పనివాళ్ళు పోయారు, ఒక్క యాత్రికుడు కూడా లేడు వాళ్ళలో. "మీ సామాను ఎవరు మోస్తారే?" అని అందుకే అడిగాను. "మేమే" అంది. ఆ ఒక్క జవాబుకి నా మనసు కాస్త కుదుటపడింది.

కాని ఇంకో కోపం ఉంది, అందులో నాకు న్యాయం కనపడదు. ఆలిసన్ హార్‌గ్రీవ్స్ అనే ఇంగ్లీషావిడ ఇద్దరు పిల్లల తల్లి. 1995లో కె-2 శిఖరం ఎక్కి దిగుతూ పోయింది. పిల్లల్నొదిలి ఎలా వెళ్ళిందని పత్రికలు ఆడిపోసుకున్నాయి. పిల్లలున్న మగవాళ్ళు ఎంతమంది పోలేదు ఆ కొండలమీద? వాళ్ళని 'తండ్రివై ఉండి' అని ఎవరడిగారు? మా ఇంట్లో కూడా అంతే. ఈ అయిదుగురిలో ముగ్గురు మగపిల్లలే. వాళ్ళ గురించి మా వీధిలో ఎవరూ 'అబ్బాయిలకి ఇదేం బుద్ధి' అనలేదు.

అయితే అమ్మాయైనా అబ్బాయైనా, వెళ్ళద్దనే హక్కు నాకుందా? ఉందనే అనుకుంటున్నాను, కొంచెం. ఒకరికోసం ఇంకొకరు ఎదురుచూస్తున్నప్పుడు ఆ ప్రాణం మొత్తం ఒక్కరిదే ఎలా అవుతుంది? అయితే ఆ కొంచెం హక్కునీ నేను రెండేళ్ళ క్రితం టీ గ్లాసు ముందు తప్పుగా ఖర్చుపెట్టేశాను. వెళ్ళద్దని అనవలసిన నోటితో, ఎందుకు తిరిగొచ్చావని అడిగాను. ఇప్పుడు వెళ్ళద్దంటే అది నమ్ముతుందా?

పండగ నాలుగురోజులూ గడిచి అది బయలుదేరే ముందు ఏడో కాగితం తీసి బల్లమీద పెట్టాను. క్షమించమని కన్నకూతుర్ని అడగడానికి మన భాషలో మాటలు చాలవు, ఉన్నవి పుస్తకాల్లోనే బాగుంటాయి. "దీనికి మందేమిటని రాయాలి కదా, పక్క గడి ఖాళీగా ఉంది" అన్నాను. ప్రతి ప్రమాదం పక్కనా విరుగుడు రాయడానికి గడి ఒకటుంది మరి. "నువ్వే రాయి" అని కలమిచ్చింది. పాతిక కథలూ ఆరు నవలలూ రాసినదాన్ని, ఆ అంగుళం గడిలో ఏం రాయాలో తోచలేదు. చివరికి 'ఎవరికీ చెప్పను. ఎప్పుడొచ్చినా అన్నం ఉంటుంది' అని రాశాను. చదివి, కాగితం మడతపెట్టి, నా నకలు నాకిచ్చేసింది.

ఎవరికీ చెప్పకుండా ఉండటం ఎంత కష్టమో ఆ నెలరోజుల్లో తెలిసింది. పక్కింటావిడ "అమ్మాయి ఎక్కడుంది?" అంటే "ఉద్యోగంలో" అనేదాన్ని. మా వారిచేత కూడా ఒట్టేయించాను. కట్టని వంటింట్లో వెంకటేశ్వరస్వామి క్యాలెండరు వెనక మేకుకి తగిలించి, పొద్దున్నే కాఫీకి పాలు పెట్టి ఒకసారి, రాత్రి గిన్నెలు సర్దాక ఒకసారి చూసుకునేదాన్ని. చివరి రోజు తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చింది. లేచి దీపం పెట్టాను. మా అత్తగారు అప్పటికే లేచి వరండాలో కూర్చునున్నారు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఫోను రావలసిన గడువు రాత్రి తొమ్మిది. సాయంత్రం అయిదుంబావుకే వచ్చింది. చప్పుడు చప్పుడుగా ఉంది గొంతు. "కింది డేరాకి వచ్చేశాం అమ్మా. పైకి వెళ్ళలేదు. పదకొండింటప్పుడు మంచు మూలిగింది, తిరిగేశాం."

ఎంత దూరంలో ఆగిపోయారే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నిజం చెప్తున్నాను, సిగ్గులేకుండా వచ్చింది.

"అన్నం తిన్నావా?" అన్నాను.

"నూడుల్స్" అంది.

మర్నాడంతా అక్కడ ఎండ కాసిందట. వేరే జట్టొకటి అదే దారిన హాయిగా పైకెళ్ళి వచ్చిందట కూడా. అది వారం తర్వాత ఇంటికొచ్చినప్పుడు కాళ్ళు కడుక్కుంటూ ఆ సంగతి తనే చెప్పి, నా మొహంలోకి చూసింది. నేను కంచం పెట్టి కొరమేను పులుసు గిన్నె తెచ్చాను. ఎంత దూరంలో ఆగారో ఆ రాత్రి పక్కమీద పడుకుని చెప్పింది. ఆ లెక్క మీకు మాత్రం చెప్పను.